పియాజెకు మార్కులు, పిల్లలకు మొట్టికాయలు

ఐదు చింతగింజలు దగ్గర దగ్గరగా ఒక వరసలో, మరో ఐదు ఎడంగా ఇంకో వరసలో పేర్చి 'ఎందులో ఎక్కువున్నాయి?' అని అడిగితే నాలుగేళ్ల పిల్ల రెండో వరసనే చూపిస్తుంది. అది తెలివితక్కువతనం కాదు. ఆ వయసులో కంటికి పొడుగ్గా కనిపించిందే ఎక్కువ. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని జీన్ పియాజె (1896-1980) దీన్నే సిద్ధాంతీకరించి 'పూర్వ ప్రచాలక దశ' అన్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఎవరినడిగినా ఈ మాట ఠక్కున చెప్పేస్తారు. ప్రాథమిక టీచర్లు రాసే టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసానివే మరి. కానీ తరగతిలో పిల్ల రెండో వరసను చూపించగానే చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే: 'తప్పు'.

సిద్ధాంతం ఉన్నది ఆ తప్పును చదవడానికి. పిల్లతోనే ఒక్కో గింజకు ఒక్కో గింజను జత కలిపించి, పక్కన కాస్త పెద్ద పిల్లను కూర్చోబెడితే లెక్క దానంతటదే దారిలో పడుతుంది. పిల్ల ఒంటరిగా చేయలేనిది కొద్దిపాటి సాయంతో చేయగలదన్న రష్యన్ మనోవిజ్ఞాని వైగాట్‌స్కీ సూత్రానికి అర్థం అదే.

మన దేశానికి ఈ విద్య కొత్తేం కాదు. గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు స్వయంగా శిక్షణనిచ్చారు. గిజుభాయి సహచరి తారాబాయి మోదక్ మరో అడుగు ముందుకేశారు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తర్వాత కోస్బాడ్‌లో ఆదివాసీ పిల్లల కోసం అనూతాయి వాఘ్‌తో కలిసి బడి నడిపారు. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రి బదులు గింజలు, గులకరాళ్లు, ఆకులు వాడారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. వాకిలిని అంగన్ అంటారు కనుక అది అంగన్‌వాడీ అయింది. మారింది సామగ్రే, సూత్రం కాదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ ఆ పేరును ఊరూరికీ చేర్చింది. నేడు దేశంలో అంగన్‌వాడీ కేంద్రాలు దాదాపు 14 లక్షలు. కానీ టీచరుకు పిల్లల బరువు తూచడం, గుడ్లు, పప్పుల లెక్క, సర్వేలు, ఫోన్‌లో వివరాల నమోదు పోగా మిగిలిన సమయమే చదువుది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందన్న 2020 జాతీయ విద్యా విధానం, ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలలు, అంతకంటే తక్కువ చదివిన వారికి ఏడాది కోర్సు ఉండాలని చెప్పింది. 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ, పఢాయీ భీ' కింద ముఖాముఖి శిక్షణకు కేటాయించినవి మాత్రం మూడు రోజులు. ఏమీ లేనిదానికంటే మేలే. అయితే మూడు రోజుల్లో మాటలు వస్తాయి, చూపు రాదు.

చూపు రావాలంటే శిక్షణ పొందే టీచరు ఒకే పిల్లను వారం పాటు గమనించాలి. ఏం చేసింది, ఎక్కడ ఆగింది, ఎవరి సాయంతో కదిలింది రాసుకోవాలి. దాన్ని తోటివారితో చర్చించి మళ్లీ ప్రయత్నించాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఇరవై, పాతిక కేంద్రాలు చూసే సూపర్‌వైజరు వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు అరగంట పిల్లల ఆట కూడా చూసి టీచరుతో మాట్లాడితే చాలు, నెలనెలా శిక్షణ జరిగినట్టే.

ఈ చూపు తల్లిదండ్రులకు జవాబు చెప్పడానికీ అవసరమే. 'మా వాడికి ఏబీసీడీలు ఎప్పుడొస్తాయి?' అని అడిగే తండ్రి, జవాబు నచ్చకపోతే పిల్లవాణ్ని వీధి చివర ఎల్‌కేజీలో చేర్పిస్తాడు. అక్కడ మూడేళ్ల వేళ్లు పెన్సిల్‌తో కుస్తీ పడతాయి. పూసలు గుచ్చడం ఆ వేళ్లను రాతకు సిద్ధం చేస్తుందని, గింజలు వేరుచేయడం లెక్కలకు పునాది అని నమ్మకంగా చెప్పగల టీచరే ఆ పిల్లవాణ్ని ఆపగలదు.

పియాజె పేరు ఆమెకు గుర్తులేకపోయినా నష్టం లేదు. పిల్ల పొడుగు వరసను చూపించినప్పుడు 'తప్పు' అనకుండా 'ఎందుకలా అనుకున్నావు తల్లీ?' అని అడిగితే చాలు.