నక్కను చంపిన చేను బాగుపడునా?

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా సేద్యము చేసికొనుచున్న మన తెలుగు కుటుంబములవారి నోట ఒక మాట వినుచున్నాను. నక్కలు మితిమీరినవి, విషము పెట్టి మట్టుపెట్టనిదే గతి లేదట. పెద్దలు కూడ ఈ మాట అనుచున్నారు. అయినను ఇది తప్పని చెప్పక తప్పదు.

గొర్రెపిల్లను పోగొట్టుకొన్నవాని కడుపుమంట నేనెరుగుదును. నేను గుమాస్తాగా నున్న కచేరీలో అట్టివారి అర్జీలకు వరుస సంఖ్య వేసినవాడను నేనే. పరిహారము చేతికి వచ్చుసరికి గొర్రె మరియొక ఈత ఈనెడిది. కచేరీపై చూపవలసిన కోపమును నక్కపై చూపుచున్నాము.

నక్క తినునదేమి? పొలములోని ఎలుకలు, పందికొక్కులు, చచ్చిన పశువులు, రాలిన పండ్లు. అప్పుడప్పుడు వేరుసెనగ త్రవ్వును, పుచ్చకాయ కొరుకును, కాదనను. కాని అదే వేరుసెనగ చేనిలోను, రాగి కుప్పలోను ఎలుక చేయు నష్టమునకు లెక్క వ్రాయువారెవరు? పైగా విషము కలిపిన మాంసమును నక్క యొక్కటే తినదు. మన కావలి కుక్కయు తినును.

తోడేలు సంగతి చూడుడు. 1875 నుండి 1925 వరకు ఈ దేశమున 2,00,000 తోడేళ్లు చంపబడినవని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ వ్రాసినారు. ఆంగ్లేయ ప్రభుత్వము తలకింతయని బహుమానము లిచ్చెడిది. నేడు తోడేలు అరుదైనది. మందలకు క్షేమము కలిగినదా? ఊరకుక్కల గుంపులు ఆ పని చేయుచున్నవి. అమెరికాలో నక్కకు చుట్టమైన కయోటి అను జంతువు కలదు. అచటి ప్రభుత్వశాఖయే ఇటీవల ఏటా 50,000కు పైగా చంపుచున్నను, అది పడమటి మైదానముల నుండి తూర్పు సముద్రతీరము వరకు వ్యాపించినది. గుంపులోని పెద్ద జంట చచ్చిన, చిన్నవి జతకట్టును. మేత మిగులుటచే పిల్లలు ఎక్కువగా బ్రతుకును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణచే నక్కయు మొదటి షెడ్యూలులో చేరినది. చంపినవానికి 3 ఏండ్లకు తగ్గని కారాగారము. నక్క తోక త్రొక్కినవాడు అదృష్టవంతుడని సామెత చెప్పుకొనుచునే, 'నక్క కొమ్ము' అను బూటకపు తాయెత్తును కొనువారున్నారు. నక్కకు కొమ్ము లేదని బడిపిల్లలకును తెలియును!

ఊరిచివర కోళ్ల వ్యర్థములు పారబోయుట ముందు మానుదము. నక్కలను, ఊరకుక్కలను ఇంటి దాపునకు పిలుచుచున్నది ఆ కుప్పలే. రాత్రివేళ పిల్లలను ముళ్లకంప దొడ్డిలో కట్టుదము. మంద నష్టపోయినవానికి పరిహారపు అర్జీ మన సంఘమే వ్రాసి యిచ్చి, అది తేలువరకు కచేరీ చుట్టు తిరుగవలెను. వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను.