వయోజనుల వాచకం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమై ఏడాదిన్నర నిండకముందే, 2000 ఫిబ్రవరిలో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ వయోజనులకు కంప్యూటర్ ద్వారా చదువు నేర్పే ప్రయోగం చేపట్టింది. ఆ సంస్థ తొలి సారథి ఫకీర్‌చంద్ కోహ్లీ చొరవతో రూపొందిన ఈ పద్ధతి, 1988లో ఏర్పడిన జాతీయ అక్షరాస్యతా మిషన్ వాచకాలనే ఆధారం చేసుకొని, ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు అనే వరుసను పక్కనబెట్టి, మాటను బొమ్మతో, ధ్వనితో కలిపి తెరపై చూపింది. నలభై ఏళ్లు దాటిన మనిషికి భాష కొత్తగా నేర్పనక్కరలేదని, వేల మాటలు అప్పటికే నోట ఉన్నాయని, వాటిని కంటితో గుర్తుపట్టడమే మిగిలిందని గ్రహించడం ఈ పద్ధతికి ప్రాణం. సుమారు నలభై గంటల్లో చదవడం వస్తుందన్నది దాని లక్ష్యం. రాయడానికి మాత్రం అందులో చోటు లేదు.

ఆ లోటు చిన్నది కాదు. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడమూ రాయడమూ వచ్చినవారినే జనగణన అక్షరాస్యులుగా లెక్కిస్తుంది. పైగా, చదవడం వచ్చిన చేతికి అందించే పుస్తకంలో ఏముండాలన్న ప్రశ్న కూడా ఉంది. దీనికి నెల్లూరు జిల్లా అంతకుముందే జవాబు చెప్పింది. 1991లో అక్కడ మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో, అంటే చదువు రాని పెద్దలందరికీ స్వచ్ఛంద కార్యకర్తలు చదువు చెప్పే కార్యక్రమంలో, కొత్తగా చదువు నేర్చినవారి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. ఊరి ఆడవాళ్లు కలిసికట్టుగా సారా దుకాణం మూయించడం అందులోని ఇతివృత్తం. ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ మహిళలు ఆ పాఠంలో తమ ఇళ్లనే చూసుకొని ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. జిల్లాలు దాటి పాకిన ఆ కదలిక ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. ఆ కొద్ది పుటలకు తెలుగు సాహిత్య చరిత్రలో చోటివ్వడం న్యాయం.

మాదాపూర్ చుట్టూ పెరిగిన సైబరాబాద్‌కు అటువంటి పాఠం ఇప్పటికీ కావాలి. ఇక్కడి మేడలకు ఇటుకా ఇసుకా మోసినవారిలో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, వలస కూలీలు ఎందరో ఉన్నారు; 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతమే. ఊళ్లో రాత్రిబడి పెట్టినా, బతుకుదెరువుకు ఊరు విడిచినవారి చదువు నడుమనే ఆగిపోతుంది. పనిచోట మేస్త్రీ పుస్తకంలో ఒక్కొక్కరి పేరు ఎదుట రోజుకొక గీత, దాని పక్కన ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, చివర కోత పోగా మిగిలిన కూలి ఉంటాయి. ఆ వరుసలో ఉన్నది తన పేరేనో కాదో, కోత ఎంత పడిందో చదవలేని ఆడకూలీ వేలిముద్ర వేసి, ఇచ్చినంత పుచ్చుకుంటుంది.

2022లో కేంద్రం ఆమోదించిన, ఉల్లాస్ పేరుతో సాగుతున్న నవభారత సాక్షరతా కార్యక్రమం పదిహేనేళ్లు దాటినవారికి స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో, మొబైల్ యాప్ తోడుగా చదువు చెబుతోంది. దాని తెలుగు పాఠాలు రాయడానికి మన కథకులు పూనుకోవాలి. మేస్త్రీ పుస్తకంలోని పుట ఉన్నదున్నట్టు వాచకంలో చేరాలి. ఎదుటి పుటను ఖాళీగా వదిలితే, కూలీ తన పనిదినాలను, తీసుకున్న అడ్వాన్సును తన చేతిరాతతో అక్కడ నింపుకుంటుంది.