వేణ్ణీళ్ళకు వర్తించని రాయితీ

ఢిల్లీలో చలి ముదిరే రోజులలో కాలనీ గేట్ల వద్ద కరపత్రాలు పంచుతారు. "ప్రభుత్వ సబ్సిడీతో సోలార్ గీజర్" అన్నది అందులో పెద్దక్షరాల మాట. ద్వారకలో నివసిస్తున్న తెలుగు మిత్రుడొకరు దానిని నమ్మి బయానా చెల్లించారు. సబ్సిడీ ఎప్పుడని అడిగితే "సూర్యఘర్ కింద వస్తుంది" అన్నాడట దుకాణదారు. ఆయన కోరిక మీద నేను నిబంధనలు తిరగవేశాను. అటువంటి రాయితీ లేదు.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకానికి కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు. లక్ష్యం కోటి ఇళ్ళు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడవ దానికి 18,000, మొత్తం 78,000 రూపాయలకు మించకుండా సాయం అందుతుంది. అయితే అది ఇంటికప్పు మీద విద్యుత్తు పుట్టించే పలకలకు మాత్రమే. అవీ దేశంలో తయారైనవై ఉండాలి, నమోదైన విక్రేత అమర్చాలి. నీళ్ళు కాచే సాధనానికి అందులో చోటు లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. పన్ను తగ్గింపు వేరు, రాయితీ వేరు. విక్రేతలు మాత్రం ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. 2010లో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం ఆరంభించిన జాతీయ సౌర మిషన్, సూర్యరశ్మితో వేడిని పట్టే ఫలకాలు 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్లకు చేరాలని సంకల్పించింది. సోలార్ వాటర్ హీటర్లకు 30 శాతం మూలధన రాయితీ లభించేది. 2014లో ఢిల్లీ వంటి ప్రాంతాలకు అది నిలిచిపోయింది. నిలదొక్కుకున్న వస్తువుకు ఖజానా ఊతం దేనికన్న వాదనలో బలం లేకపోలేదు.

కాని ఢిల్లీ శీతకాలపు ఉదయాన్ని చూడండి. ఆరు గంటలకు ఇంటింటా గీజర్లు వెలుగుతాయి. ఆ వేళకు కప్పు మీది పలక ఒక్క యూనిట్ అయినా ఇవ్వదు. నెట్ మీటరింగ్ వల్ల గృహస్థు బిల్లు తగ్గవచ్చుగాని గ్రిడ్ మీద ఆనాటి ప్రభాతభారం తగ్గదు. హీటరు తొట్టి నిన్నటి ఎండను రాత్రంతా దాచి ఉంచుతుంది. 100 లీటర్లకు 2 చదరపు మీటర్ల ఫలకం చాలు. ఏడాదికి 1,500 యూనిట్ల ఆదా అని కేంద్ర ఇంధన శాఖ ప్రచురణలు చెబుతూ వచ్చాయి. వేణ్ణీళ్ళ అవసరం నాలుగైదు నెలలే ఉండే ఢిల్లీకి ఆ అంకె పూర్తిగా వర్తించదు. పొగమంచు రోజులలో కరెంటు తోడూ కావాలి. అయినా సరిగ్గా కొరత ఏర్పడే వేళకు అక్కరకు వచ్చే సాధనాన్ని వదలి, పగటి విద్యుత్తుకే డబ్బంతా మళ్ళించడం నాకు సబబుగా తోచడం లేదు. అద్దె ఇళ్ళవారి సంగతి మరో కథ.

ఏ ఉత్తర్వు కింద సబ్సిడీయో రసీదు మీద రాసి ఇమ్మని అడగమన్నాను మిత్రుణ్ణి. దుకాణదారు కలం తీయలేదట. బయానా ఇంకా తిరిగి రాలేదు.