ప్రో ఎందుకు రాలేదు మంత్రిగారూ?

తాండూరు,
నవంబర్ 2024

కేంద్ర కమ్యూనికేషన్ల సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

మీ గుంటూరులో ఎక్కితే పల్నాడు ఎక్స్‌ప్రెస్ మా వికారాబాద్‌లో దింపుతుంది. ఆ చనువుతో, మీ శాఖలో తెలుగు వచ్చిన మంత్రి ఉన్నారన్న ధైర్యంతో రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ నెల 7న సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 5 ప్రో అనే ఆటల పెట్టెను అమెరికాలో, జపాన్‌లో, ఐరోపాలో విడుదల చేసింది. మనకు చేయలేదు. కారణం కూడా కంపెనీయే చెప్పింది: అందులోని వైఫై 7 వాడుకునే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఇండియాలో ఇంకా అనుమతి లేదట. అనుమతి ఇవ్వాల్సింది మీ శాఖ.

తాండూరు బస్టాండు దగ్గర నాకో చిన్న గేమింగ్ సెంటర్ ఉంది. నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుర్రాళ్లు, డిగ్రీ కాలేజీ పోరగాళ్లు గంట లెక్కన ఆడుకుంటారు. "అన్నా, ప్రో ఎప్పుడొస్తది?" అని ఒకటే గోల. 6 గిగాహెర్ట్జ్ పంచాయితీ ఇంకా తెగలేదు తమ్మీ అంటే నా మొహం చూసి నవ్వుతున్నారు.

అసలు నాకు వైఫై దేనికండీ? నా సెంటర్‌లో గోడ వెంబడి అన్నిటికీ ల్యాన్ వైరే లాగాను. ప్రో వెనకాల కూడా ఆ వైరు పెట్టే చోటుంది. ఐఫోన్ 16లోనూ వైఫై 7 ఉంది. దాన్ని ఇక్కడ దర్జాగా అమ్ముతున్నారు, 6 గిగాహెర్ట్జ్ ఒక్కటి ఇక్కడ పనిచేయకుండా ఆపారు, అంతే. ఫోనుకు కుదిరింది ఆడుకునే పెట్టెకు ఎందుకు కుదరలేదు? మీరు వద్దన్నారా? వాళ్లే బద్ధకించి నెపం మీ మీద పెట్టారా? మీకు ముందే చెప్పారా, మాలాగే పేపర్లో చూశారా?

మీరు అమెరికాలో చాలాకాలం ఉన్నవారు. అక్కడ 2020 ఏప్రిల్‌లోనే ఈ బ్యాండ్‌లో 1,200 మెగాహెర్ట్జ్ మొత్తం లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఐరోపా వాళ్లు మరుసటేడు కింది భాగం ఇచ్చారు. మన దగ్గర టెలికాం కంపెనీలు అది మొబైల్‌కే కావాలంటాయి, టెక్నాలజీ కంపెనీలు వైఫైకి ఇవ్వమంటాయి, ఉపగ్రహాల గోల వేరే. పెద్దల తగవు, ఒప్పుకుంటాను. ఎన్నేళ్లు?

తరంగాలంటే మా వికారాబాద్ జిల్లాకు ఇప్పుడు బాగానే తెలుసు. పోయిన నెల 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ రేడియో స్టేషన్‌కు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారు శంకుస్థాపన చేసి వెళ్లారు. 2,900 ఎకరాలు. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు అక్కణ్నుంచి కబురు పంపుతారట. చెట్లు పోతాయని జనం మొత్తుకున్నా పని ఆగలేదు. ఈ గదిలోంచి పక్క గదిలోకి పోయే తరంగం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రభుత్వానికి ఎక్కడలేని జాగ్రత్త. రెండూ ఒకటి కావని నాకూ తెలుసు లెండి, కడుపుమంటతో కలిపేశాను.

ఇదే మొదటిసారైతే ఊరుకునేవాణ్ని. ప్లేస్టేషన్ 4 అమెరికాకు 2013 నవంబర్‌లో వస్తే మనకు 2014 జనవరి. ప్లేస్టేషన్ 5 వాళ్లకు 2020 నవంబర్, మనకు 2021 ఫిబ్రవరి 2. అప్పుడు 49,990 రూపాయలు చేతిలో పెట్టుకుని కూర్చున్నా ముందస్తు బుకింగ్ కళ్లముందే అయిపోయింది. మరి 2020 నవంబర్ 10న కొత్త ఎక్స్‌బాక్స్ ప్రపంచంతోపాటే ఇక్కడా ఎలా దిగింది? పోయినేడు నవంబర్‌లో అమెరికాకు వచ్చిన సన్నరకం పీఎస్5 ఇక్కడికి చేరేసరికి ఈ ఏప్రిల్ అయింది. నింటెండో స్విచ్ సంగతి సరేసరి. 2017 నుంచి లోకమంతా ఆడుతున్నా ఈ దేశంలో కంపెనీ తరఫున అమ్మకానికే పెట్టలేదు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లను పట్టుకుంటే దొరుకుతుంది, బిల్లు మాత్రం అడగొద్దంటారు. నేను కొన్నది చెడిపోతే బాగుచేసే దిక్కులేక అల్మారాలో పడేశాను. ప్రో కూడా అదే దారిన వస్తే పన్ను మీకు పోతుంది, వారంటీ మాకు పోతుంది.

ఇవన్నీ మీ నెత్తిన వేయడం న్యాయం కాదు. కానీ ఈసారి కంపెనీ వేలు మీ శాఖనే చూపిస్తోంది. ఏదో ఒకటి తేల్చండి, లేదా తేల్చలేమని చెప్పండి.

ఆఖరుగా ఒక్కటి. డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్న మా చిన్నమ్మ కొడుకు సూట్‌కేసులో ఒక ప్రో పెట్టుకొస్తానంటున్నాడు. వైఫై ఆపేసి, ల్యాన్ వైరు పెట్టి, తాండూరులో దాన్ని ఆన్ చేస్తే నేను చట్టం తప్పినట్టా, కాదా? పండగలోపు మీ శాఖ నుంచి రాతపూర్వకంగా చెప్పించగలరా?

ఇట్లు,
తాండూరు గేమింగ్ సెంటర్ యజమాని