తూకానికి పోతున్న రంద

దసరా నాడు పసుపు కుంకుమ పెట్టి మొక్కిన రందను మళ్లీ దసరా రాకముందే పాత ఇనుప సామాన్ల బండికి వేసే ఇళ్లు పెద్దపల్లి జిల్లాలోని మా సుల్తానాబాద్ చుట్టుపక్కల కనిపిస్తున్నాయి. కొడుకుకు కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం. తండ్రికి చూపు ఆనదు. అటుక మీద పెట్టెలో ఉలులు, బాడిశె, రంపం, నాలుగైదు రందలు. పాత ఇల్లు కూలగొట్టి స్లాబు వేసుకునేటప్పుడు ఆ పెట్టె కిందికి దిగుతుంది. ఇనుము కిలోల లెక్కన పోతుంది, కట్టె పొయ్యిలోకి పోతుంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. వాడని పనిముట్టును ఎవరు మాత్రం ఎన్నాళ్లు దాచుకుంటారు?

పుస్తకాల్లో చిత్రిక అనీ తోపడ అనీ రాసేదాన్నే మా దగ్గర రంద అంటారు. అటుకల మీద దొరికేవి రెండు రకాలు. ఒకటి కట్టె రంద. చేవదేరిన తుమ్మ దిమ్మకో టేకు దిమ్మకో ఏటవాలుగా గాడి తొలిచి, అందులో బ్లేడు పెట్టి, కట్టె చీలతో బిగించేది. దీన్ని వడ్లాయన, అంటే వడ్రంగి, తన చేతికి తగ్గట్టు తానే చేసుకునేవాడు. అందుకే ఒకరి రంద ఇంకొకరి చేతిలో అంత తొందరగా ఇమడదు. రెండోది ఇనుప రంద. దాని నమూనా అమెరికాది. లెనార్డ్ బెయిలీ అనే పనిముట్ల తయారీదారు 1860ల్లో పేటెంట్లు తీసుకుంటే, 1869లో స్టాన్లీ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. వెనక ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు కిందికి దిగుతుంది, ఎదురు తిప్పితే పైకి పోతుంది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ ఏర్పాటు పెద్దగా మారలేదు. ఇవాళ పంజాబ్‌లో పోతపోసి మన హార్డ్‌వేర్ దుకాణాలకు పంపే రందలదీ ఆ పోలికే. కట్టె రంద వయసైతే ఇంకా ఎక్కువ. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపేయి నగరాన్ని తవ్వితే రోమన్ల రందలు బయటపడ్డాయి. వాటిని మా ఊరి వడ్లాయన చేతికిస్తే, ఎక్కడివని అడిగేలోపే బ్లేడు కొస బయటికి వచ్చే నోరు చూసి, బ్లేడు తడిమి చూస్తాడు.

పాత రందను బాగుచేయడం అసాధ్యమైన విద్యేమీ కాదు. ఓపిక ఉన్నవాళ్లకు ఒక ఆదివారం పని. నేనూ పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చిన వాటితోనే నేర్చుకున్నాను. తుప్పు చూసి బెదరొద్దు. పైపైన పట్టిన ఎర్ర తుప్పు వేరు, ఉక్కును తిని గుంటలు చేసిన తుప్పు వేరు. బ్లేడును వెనక్కి తిప్పి, అంచు దగ్గర చూడాలి. అక్కడ గుంటలుంటే ఆ గుంటలు దాటేదాకా ఉక్కును అరగదీయక తప్పదు. పైతుప్పే అయితే వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున ఇనుప పీచుతో తోమి, నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. ఆ 'వెంటనే'లో ఆలస్యం జరిగితే టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

తర్వాత అడుగు భాగం. ఏళ్ల తరబడి కర్ర మీద రాసుకొని, నోటి దగ్గర అరిగి, అడుగు పల్లం పడుతుంది. మందపాటి అద్దం మీద గరుకు కాగితం అతికించి, రంద అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి రుద్దాలి. గీతలు చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి లాగి పెట్టాలి కానీ తీసేయకూడదు, చీల బిగించే ఉండాలి. బిగింపుకు దిమ్మ కొద్దిగా వంగుతుంది. పనిలో ఎట్లా వంగి ఉంటుందో అట్లాగే ఉండగా మట్టం చేయాలి. గీతలన్నీ పోవాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. ముందు కొన, నోటికి ముందున్న అంచు, వెనక కొన ఒకే మట్టంలో ఉంటే రంద నడుస్తుంది.

కట్టె రందకు వచ్చే అసలు రోగం నోటిదే. అడుగు అరిగిన కొద్దీ నోరు వెడల్పవుతుంది. "నోరు పెద్దదైతే రంద కట్టెను కొరుకుతది సారు, గీకది" అంటారు పనివాళ్లు. నోరు సన్నగా ఉన్నప్పుడు దాని ముందు అంచు నారను నొక్కి పట్టుకుంటుంది, బ్లేడు తెంపుకుంటూ పోతుంది. వెడల్పైతే పట్టుకునేది లేక నార చీలి లేచి వస్తుంది. దీనికి మందు, నోటి ముందు గాడి తీసి గట్టి కర్ర ముక్క అతికించడం. పాత పెట్టెల్లో ఇట్లాంటి అతుకులున్న రందలు తరచుగా దొరుకుతాయి. కొన్నిటికి అతుకు మీద అతుకు.

పదును గురించి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కరెంటు సానకు బ్లేడును అదిమి పెట్టి నిప్పురవ్వలు ఎగరగొట్టడం చూడ్డానికి బాగుంటుంది. అంచు నీలం రంగు తిరిగిందంటే ఆ మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే, ఎంత నూరినా పదును నిలవదు. మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ 25 డిగ్రీల వాలు తీసి, కొసన మాత్రం కార్బొరండం రాయి మీద 30 డిగ్రీల్లో నూరుకోవాలి. వెనకవైపు వేలితో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. బ్లేడును బల్లపరుపుగా పెట్టి దాన్ని తీసేసి, తోలు పట్టీ మీద నాలుగు ఊపులు ఊపాలి. బ్లేడు మీద కూర్చునే రెండో పలక ఉంటే, దాని అంచు బ్లేడు కొసకు ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. ఎదురు నార ఉన్న కర్ర మీద దాని విలువ తెలుస్తుంది. ఇదంతా సరిగ్గా కుదిరితే పొట్టు చిరగకుండా చుట్టలు చుట్టుకుంటూ నోటి నుంచి పైకి వస్తుంది. జపాన్‌లో 1997 నుంచి పొట్టును పల్చగా తీసే పోటీలే పెడుతున్నారు. అక్కడ పది మైక్రాన్లకన్నా పల్చటి పొట్టు తీస్తారు. మనిషి వెంట్రుక అంతకు ఎన్నో రెట్లు మందం. మన తలుపుకు అంత అవసరం లేదు లెండి.

ఉక్కు మాటకొస్తే, మనది ఆ విషయంలో తల దించుకోవాల్సిన ప్రాంతం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చి ఊళ్లో మకాం వేసేవారు. బ్రిటిష్ వారి భూ సర్వేలో పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ తయారీని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ రాత అచ్చయింది. కత్తులకు పేరుపడిన ఆ ఉక్కునే పల్లె కమ్మరి ఉలులకు కూడా వాడాడని నేను చెప్పను. కానీ ఉలికి, బాడిశెకు, రంద బ్లేడుకు నీళ్లు పట్టే పద్ధతి తెలిసిన కమ్మరి, పక్కనే దాన్ని వాడే వడ్లాయన ఒకే వాడకట్టులో బతికిన నేల ఇది.

ఆ పని ఎందుకు పోయిందో అందరికీ తెలిసిందే. నాగలి, గుంటుక, ఎడ్లబండి ట్రాక్టరుతో పోయాయి. ఏడాదికింత అని ధాన్యం కొలిచి ఇచ్చే రైతు కల్లం పోయింది. సుల్తానాబాద్ రైస్‌మిల్లుల ఊరు. పాతకాలం మిల్లుల్లో జల్లెడ చట్రాలు, ధాన్యాన్ని పైకి తోడే ఎలివేటర్ పెట్టెలు కట్టెవే. అవి ఇప్పుడు రేకువి. ఇంటి తలుపు రెడీమేడ్‌గా వస్తోంది, కిటికీ ప్లాస్టిక్‌ది, అలమర ప్లైవుడ్‌ది. ప్లైవుడ్‌కు రందతో పనేముంది? దుబాయ్‌కి కార్పెంటర్ వీసా మీద పోయినవాళ్లలో ఎందరో అక్కడ చేసింది స్లాబు కింద షట్టరింగ్. ఇక్కడ మిగిలినవాళ్ల చేతిలో కరెంటు రంద ఉంది. దాన్ని నేను తిట్టను. రోజంతా టేకు దూలాలను చేత్తో గీకిన మనిషి భుజాలు యాభై ఏళ్లకు ఏమవుతాయో చూసినవాళ్లెవరూ తిట్టరు. సంపాదనకు మిషన్ వాడుకోవాల్సిందే. నేను మాట్లాడుతున్నది నేర్చుకోవడం గురించి. కరెంటు రంద కర్ర నార ఎటు పోతుందో చేతికి తెలియనివ్వదు. గట్టిగా అరుస్తూ అన్నిటినీ ఒకే తీరున తినేస్తుంది. చేతి రంద రెండు ఊపుల్లో చెబుతుంది, ఈ వైపు నుంచి కాదు, ఆ వైపు నుంచి రమ్మని.

మరి ఆ పని ఎవరికి నేర్పాలి? ఇన్నాళ్లూ ఈ విద్య ఇంటి గోడల మధ్యే నడిచింది. కొడుకు తండ్రి పక్కన కూర్చుని, సామాను అందిస్తూ, తిట్లు తింటూ, చూసి నేర్చుకున్నాడు. వేరే కులం పిల్లవాడు వచ్చి నేర్పమంటే "నీకెందుకు బిడ్డా ఈ కష్టం" అని పంపేసేవారు. ఆడపిల్ల అడిగే ప్రశ్నే లేదు. ఆ గోడకు రెండు వైపులా కారణాలున్నాయి. పని తమ చేతిలో ఉంటేనే కడుపు నిండుతుందన్న భయం ఒకవైపు, చేతిపని చేసేవాడంటే బయటివాళ్లకున్న చిన్నచూపు ఇంకోవైపు. ఇప్పుడు ఇంట్లో కొడుకు నేర్చుకోనంటున్నాడు, బయట నేర్చుకుందామన్న కుర్రాడికి వాకిలి లేదు.

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా వోచరు, తక్కువ వడ్డీకి అప్పు. మంచిదే. గురుశిష్య పరంపరను బలపరచడం తమ ఉద్దేశమనీ చెప్పారు. కానీ ఇది ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్నవారికి, అదీ కుటుంబానికి ఒక్కరికే. కొత్తగా నేర్చుకోవాలనుకునే పదోతరగతి పిల్లవాడికి ఇందులో చోటు లేదు. తన కొట్టంలో కూర్చోబెట్టుకొని వాడికి పని నేర్పే ముసలి ఉస్తాదుకు పైసా లేదు. ఉన్న పనివాడికి కొత్త సామాను ఇచ్చి గురువునూ శిష్యుడినీ మరిచిపోయిన పరంపర ఇది.

హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు. ఏదైనా తయారుచేసి చూడాలనుకునేవారికి కట్టెపని యంత్రాలు సహా అన్నీ ఒకేచోట. ఇక్కడి నుంచి అక్కడికి పోయి ఒక చెక్క ముక్క గీకి రావాలంటే రోజు పోతుంది. మనకు కావలసింది అంతకన్నా చాలా చిన్నది. బ్రిటన్‌లో 'టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్' అనే సంస్థ 1979 ప్రాంతం నుంచి ఇళ్లలో మూలన పడిన రందలు, ఉలులు, రంపాలు దానంగా తీసుకొని, తుప్పు వదిలించి, పదును పెట్టి, ఆఫ్రికా దేశాల చేతివృత్తుల వారికి పంపుతూ వచ్చింది. ఆ బాగుచేసే పనిలో ఉండేది ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలే. ఓడ ఎక్కించే దూరం మనకు లేదు. ఈ వాడకట్టు అటుక మీది రంద పక్క వీధి బడికి చేరితే చాలు.

బడి అంటే నవ్వేవాళ్లున్నారు. 1937లో వార్ధాలో గాంధీ చేతిపనితో చదువు అన్నప్పుడూ నవ్వారు. ఆ పథకానికి రూపమిచ్చిన కమిటీకి అధ్యక్షుడు హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్. మనం దాన్ని ఎస్.యు.పి.డబ్ల్యు. (సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని) అని పేరు మార్చి, దుకాణంలో కొన్న బొమ్మలకు మార్కులేసే దాకా తీసుకొచ్చాం. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ 1870ల్లో నాస్ అనే చోట కట్టెపని నేర్పే ఉపాధ్యాయులను తయారుచేయడం మొదలుపెట్టాడు. అక్కడి బడుల్లో ఆడా మగా తేడా లేకుండా చేతిపని ఇప్పటికీ తప్పనిసరి పాఠం. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి ఊరి పనివాళ్ల దగ్గర గడపాలంటోంది. 2024 జూలైలో దానికి మార్గదర్శకాలూ ఇచ్చారు. కాగితం మీద అంతా ఉంది.

ఒక అభ్యంతరం తరచుగా వింటాను. అందరికీ నేర్పితే వడ్లోళ్ల బతుకు ఏం కావాలి అని. వాళ్ల బతుకును దెబ్బకొట్టింది ప్లైవుడ్ ఫ్యాక్టరీలే కానీ నేర్చుకున్న పొరుగువాడు కాదు. పైగా తలుపు రెక్కకు ఇంత కూలా అని గీసి గీసి బేరమాడే మనిషి చేత ఒక్క జానెడు పలకను రందతో మట్టం చేయించి చూడండి, మళ్లీ అట్లా బేరమాడడు. పది రోజుల్లో ఏ పిల్లవాడూ వడ్రంగి కాడు. కానీ మంచి పనికి, అతుకుల బొంతకు తేడా కనిపెట్టే కన్ను వస్తుంది. వందలో ఒకరికి ఇదే నా పని అనిపిస్తే, ఉస్తాదు ఇల్లు ఎక్కడుందో అప్పటికే తెలిసి ఉంటుంది.

నేర్పే క్రమం గురించి నాకో పట్టుదల ఉంది. మొదటి పూట పిల్లల చేతికి రంద ఇవ్వొద్దు. తుప్పు పట్టిన బ్లేడు, ఒక రాయి, ఒక కప్పు నీళ్లు ఇవ్వాలి. మొద్దు బ్లేడుతో గీకిన పిల్లవాడు తనకు బలం చాలదనుకొని వదిలేస్తాడు, తప్పు బ్లేడుదని వాడికి తెలియదు. తన చేత్తో నూరిన బ్లేడు కాగితాన్ని కోయడం చూశాక రెండో రోజు మామిడి చెక్కో టేకు తుక్కు ముక్కో ఇచ్చి, నార ఎటుందో కన్నుతో చెప్పించి, తర్వాత రంద పట్టించాలి. పలక ముందు కొసన ఎడమచేయి బరువు, చివరి కొస దాటేటప్పుడు కుడిచేయి బరువు. మిగతా అంతా ఉస్తాదు పక్కన నిలబడి మోచేయి సరిచేస్తే వచ్చేదే, రాస్తే వచ్చేది కాదు. అద్దం ముక్క, గరుకు కాగితం, రెండు రాళ్లు, నూనె డబ్బా, అడిగితే ఊళ్లోవాళ్లు ఇచ్చే పాత రందలు. సామాను ఖర్చు హెడ్మాస్టరు తలచుకుంటే అయ్యేంతే.

అడ్డం వచ్చేది ఉస్తాదుకు ఇవ్వాల్సిన గౌరవ వేతనం. పది రోజులు బడికొచ్చే డెబ్బై ఏళ్ల మనిషికి రిసోర్స్ పర్సన్ కింద బిల్లు పెడితే, విద్యార్హత గడిలో ఏం రాయాలని ఆఫీసులో అడుగుతారు. ఆ గడి ఖాళీగా వదిలినా బిల్లు పాసయ్యేటట్టు పెద్దపల్లి జిల్లా విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఉస్తాదులను, రందలను వెతికిపెట్టే పని మేం చేసుకుంటాం.