నిండుకుండ, సగం ట్యాంకు

నిండుకుండ తొణకదన్న సామెతను తెలుగువారు మనుషుల స్వభావానికే అన్వయిస్తారు. అందులో చక్కని భౌతికశాస్త్రం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో వ్యానులో నీటి ట్యాంకు పెట్టుకొని కిటికీలు శుభ్రం చేయటం, కార్లు కడగటం, చీడలకు మందు కొట్టటం జీవనోపాధిగా చేసుకొన్నవారికి ఆ శాస్త్రం ప్రాణావసరం.

లీటరు నీటి బరువు ఒక కిలో. 500 లీటర్లంటే అర టన్ను. ట్యాంకు, పంపు, ఇనుప చట్రం, గొట్టాల బరువు దీనికి అదనం. సామాన్యమైన వ్యాను మోయగలిగేది మనుషులతో కలిపి సుమారు ఒక టన్ను కనుక, 1,000 లీటర్ల ట్యాంకును అందులో నింపటమంటే హద్దు దాటినట్లే.

ఆ దేశపు జాతీయ రవాణా కమిషన్ 2018లో వెలువరించిన 'లోడ్ రిస్ట్రెయింట్ గైడ్' ప్రకారం, సామాను బరువులో 80 శాతం బలం ముందుకు లాగినా, 50 శాతం పక్కలకో వెనుకకో లాగినా కట్టు చెదరకూడదు. అర టన్నుకు ముందువైపు లెక్క 400 కిలోలు. రెండు పట్టీలు చాలుననిపించేది ఇక్కడే. ఆ లెక్క గట్టి బ్రేకులకు, మలుపులకు, చిన్నపాటి తాకిళ్లకు ఉద్దేశించినది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనినో ఢీకొని అర మీటరులో ఆగిపోతే, ట్యాంకు తన బరువుకు సగటున 20 రెట్లు, అనగా పది టన్నుల బలంతో ముందుకు నెడుతుంది. దాని ముందున్నది డ్రైవరు వీపు.

సగం నిండిన ట్యాంకు తేలికే, కాని దానిలోని నీరు బ్రేకు వేయగానే ముందు గోడను కొట్టి, తిరిగి వెనుకకు మళ్లుతుంది. మలుపులో బయటివైపుకు చేరి బండిని ఒరిగిస్తుంది. లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు ఉంటే ఈ ఊపు తగ్గుతుంది. చవకగా దొరికే ప్లాస్టిక్ ట్యాంకులలో చాలావాటికి అవి ఉండవు. పైనుంచి బిగించిన పట్టీ ప్లాస్టిక్ నొక్కుకొన్నకొద్దీ వదులవుతుంది. పలుచని నేలరేకుకు వేసిన స్క్రూలు గోడకు పటం తగిలించటానికే తగును. ఉక్కు చట్రంలో కూర్చి, నేల కింద పలకలు వేసి, బండి అసలు నిర్మాణానికి బోల్టులతో బిగించిన ట్యాంకే నమ్మదగినది. ఆ ఖర్చును వ్యాపారపు పెట్టుబడిలో భాగంగా లెక్కించటం న్యాయం.

ఆంధ్రదేశంలో వేసవినాడు ట్రాక్టరు వెనుక నీళ్ల ట్యాంకరును చూసి పెరిగినవారికి ఇదంతా అతిజాగ్రత్తగా తోచవచ్చు. ఆ ట్యాంకరు మెల్లగా నడుస్తుంది, దాని చక్రాలు వేరు. ఇక్కడ నీరు, మనిషి ఒకే రేకు డబ్బాలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతారు. శనివారం సాయంత్రం పిల్లలను నాట్యం తరగతికి తీసుకొనిపోయేదీ చాలా ఇళ్లలో ఆ వ్యానే. మందు కలపని నీరైతే ముందుగా దానిని పెరటి మొక్కలకు వదలటానికి పట్టేది పది నిమిషాలు.