మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ల్యాబ్‌లో ఒక సిస్టమ్. దాని ముందు ముగ్గురు. మౌస్ పట్టుకున్నది ఎవరు? పక్కన నిలబడి నోట్సు రాసుకుంటున్నది ఎవరు? మీరు బీఈడీయో, డీఈఎల్‌ఈడీయో చదువుతుంటే మీ క్లాసును ఒక్కసారి గుర్తు చేసుకోండి. చాలాసార్లు మౌస్ అబ్బాయి దగ్గర, నోట్సు అమ్మాయి దగ్గర ఉంటాయి. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఇప్పుడు టీచర్ ఉద్యోగానికి దారి ఆ మౌస్ మీదుగానే వెళ్తోంది.

మొన్నటి మెగా డీఎస్సీనే తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. జిల్లా స్థాయి పోస్టుల్లో ఉమ్మడి తూర్పుగోదావరికి 1,241, పశ్చిమగోదావరికి 1,035. దరఖాస్తూ ఆన్‌లైనే, పరీక్షా కంప్యూటర్ మీదే. ఉద్యోగం వచ్చాక కూడా ఇదే వరస. ప్రభుత్వ టీచర్లకు 2022 ఆగస్టులోనే యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి మొదలైంది. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, పాఠాలకూ శిక్షణకూ దీక్షా.

తేడా ఎక్కడ మొదలవుతోంది?

ఇంట్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం. మగవాళ్లలో 48.8 శాతం. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 48.9 శాతమే. ఇవి అన్ని రకాల చదువులవాళ్లనూ కలిపిన లెక్కలు, బీఈడీ క్లాసుకు నేరుగా వర్తించవు. కానీ మీరంతా వచ్చింది ఆ ఇళ్ల నుంచే కదా! అన్నయ్య నెట్ సెంటర్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోవచ్చు. చెల్లి చీకటి పడకముందే ఇంటికి చేరాలి. తేడా తెలివిలో లేదు, దొరికిన గంటల్లో ఉంది.

ఇంకో సంగతి చూడండి. 2018లో కొన్ని దేశాల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఐసీఐఎల్‌ఎస్ అనే పరీక్షను కంప్యూటర్ మీదే పెట్టారు. ఇందులో మన దేశం లేదు. సగటున అమ్మాయిలకే ఎక్కువ స్కోరు వచ్చింది. కానీ కష్టమైన కంప్యూటర్ పనులు చేయగలమని ధీమాగా చెప్పినవాళ్లలో అబ్బాయిలే ముందున్నారు. అంటే 'నాకు వచ్చు', 'నాకు రాదు' అనే మాటలు నమ్మడానికి లేదు. చేసి చూసుకోవాల్సిందే.

ఈ వారమే చేసి చూడండి

పక్కన ఎవరూ లేకుండా, టైమ్ పెట్టుకుని మూడు పనులు చేయండి. ఒకటి, ఒక పేజీ పాఠ్య ప్రణాళికను తెలుగు యూనికోడ్‌లో టైప్ చేయడం. రెండు, నలభై మంది మార్కులను ఎక్సెల్‌లో వేసి మొత్తాలు, ర్యాంకులు తీయడం. మూడు, డీఎస్సీ మాక్ టెస్టును ఫోన్‌లో కాకుండా సిస్టమ్ మీద పూర్తిచేయడం. ఎక్కడ ఆగిపోయారో అదే మీ సిలబస్.

అమ్మాయిలూ, రేపు ల్యాబ్‌లో కుర్చీ మీరు అడగండి. అబ్బాయిలూ, సాయం చేయాలనుకుంటే నోటితో చెప్పండి, మౌస్ లాక్కోకండి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన బడిలో ప్యానెల్ ఆన్ చేసే పని వంతులవారీగా తీసుకోండి. ఎందుకంటే ఆ క్లాసులో కూర్చున్న ఆడపిల్లలు రోజూ చూస్తారు, ప్యానెల్ సారే ఆన్ చేస్తారా, మేడమ్ కూడా చేస్తారా అని.